పెద్ద కలప కట్టడాల రూపకల్పన, 7వ పాఠం: దూలం చివర ఉక్కు ప్లేటు

మంటల్లో గ్లూలామ్ (చెక్క పొరలను జిగురుతో అతికించి చేసిన కలప) దూలం ఎంత లోతుకు బొగ్గవుతుందో ఈ పాఠంలో లెక్క వేయాలనుకున్నాం. అది తరువాతి పాఠానికి వాయిదా పడింది. దూలం చివర అతుకును రూపొందించమన్న పోయినసారి అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో దాదాపు అన్నింటిలోనూ ఒకే తప్పు ఉంది. దాన్ని సరిదిద్దకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

తిరుపతిలో, అలిపిరి దారిన, యాత్రికులు సేదతీరే మండపం కడుతున్నామని అనుకున్నాం. దూలం పొడవు 12 మీటర్లు, వెడల్పు 150 మి.మీ., ఎత్తు 800 మి.మీ., ఆనుడు (దూలం చివర ఆనే చోటు) దగ్గర లెక్కకు తీసుకునే బరువు 60 కిలోన్యూటన్లు. చాలామంది దూలం చివర రెండు పక్కలా ఉక్కు ప్లేట్లు పెట్టి, పై అంచు నుంచి కింది అంచు దాకా నిలువు వరుసలో బోల్టులు బిగించారు. బోల్టుల బలం లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, వాటి జోలికి పోను. కానీ ఆ ప్లేట్ల మధ్య దూలం చీలుతుంది.

కలప ఆరినప్పుడు పీచు వెంట దాదాపు తగ్గదు. పీచుకు అడ్డంగా మాత్రం, తేమ ఒక శాతం పడిపోయినప్పుడల్లా, గ్లూలామ్‌కు వాడే మెత్తకలప సుమారు 0.25 శాతం కుదించుకుంటుంది. 14 శాతం తేమతో వచ్చిన దూలం మన ఎండలకు 9 శాతానికి ఆరిందనుకోండి. పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 640 మి.మీ. ఉంటే, ఆ మేర కలప 640 × 5 × 0.0025 = 8 మి.మీ. తగ్గాలి. ఉక్కు తగ్గదు. రంధ్రంలో మనం ఇచ్చే వెసులుబాటు 1 మి.మీ. మిగతా కుదింపును బోల్టులు అడ్డుకోవడంతో కలప పీచుకు అడ్డంగా లాగుడుకు గురవుతుంది. జీఎల్24హెచ్ తరగతి గ్లూలామ్‌కు పీచు వెంట లాగుడు బలం చదరపు మి.మీ.కు 19.2 న్యూటన్లయితే, అడ్డంగా 0.5 మాత్రమే. పగులు బోల్టు దగ్గర మొదలై పీచు వెంబడి లోపలికి పాకుతుంది. అది దూలం పొడవునా నడిమధ్య సాగితే, 800 మి.మీ. దూలం రెండు 400 మి.మీ. దూలాలుగా పనిచేస్తుంది: వంపు బలం సగానికి, బిరుసు నాలుగో వంతుకు పడిపోతాయి.

బోల్టులు పెంచితే సరిపోతుందని కొందరు రాశారు. సరిపోదు. పై నుంచి కింది దాకా పెంచిన ప్రతి బోల్టూ కుదింపును మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది. ప్లేటు మందం పెంచినా ఫలితం అదే.

చిత్తూరు వైపు పాత ఇళ్ల తేకు తలుపులను దగ్గరగా చూడండి. చట్రం గాడిలో పలకను మేకు కొట్టకుండా, కదిలేలా కూర్చోబెడతారు. కార్తీకపు వానలకు ఉబ్బిన పలక వేసవిలో తగ్గినప్పుడు, దాని అంచున రంగు పడని సన్నని చార బయటపడుతుంది. అంత కదిలినా పలక పగలదు.

దూలాన్నీ అలాగే కదలనివ్వాలి. నేను ఎంచుకునే పద్ధతిలో దూలం ఉక్కు పీఠం మీద కూర్చుంటుంది, బరువంతా పీఠమే మోస్తుంది. పీచుకు అడ్డంగా నొక్కుడు బలం చదరపు మి.మీ.కు 2.5 × 0.8 (బరువు నిలిచే కాలానికీ తేమకూ) ÷ 1.25 (భద్రతకు) = 1.6 న్యూటన్లు, కాబట్టి పీఠం పొడవు 60,000 ÷ (150 × 1.6) = 250 మి.మీ. కింది 150 మి.మీ.లోనే రెండు బోల్టులు చాలు. దూలం పక్కకు ఒరగకుండా పైన ఒక బోల్టు ఉండాలి, దానికి ప్లేటులో నిలువుగా పొడవైన రంధ్రం చేయించాలి. దూలం ఆరేకొద్దీ పై బోల్టు కిందికి జారుతుంది గనుక, బిగించేటప్పుడు అది రంధ్రంలో పైభాగాన ఉండాలి. ప్లేట్లు దూలంలో దాగితే అందమని ఆర్కిటెక్టులు అంటారు. జనం తిరిగే చోట అతుకు కంటికి కనబడి, ఏటా పరీక్షించే వీలుండాలని నేను పట్టుబడతాను.

నార్వేలో 2019లో పూర్తయిన 85.4 మీటర్ల కలప భవనం మ్యోస్టార్నెట్‌లో ప్లేట్లూ డోవెళ్లూ (తల లేని ఉక్కు కడ్డీలు) ఉన్నాయి కదా అని ఒకరు అడిగారు. అక్కడి ట్రస్సుల్లో (త్రికోణాలుగా కూర్చిన చట్రాల్లో) బలం ప్రధానంగా పీచు వెంట పోతుంది. అదీ పూర్తి రక్ష కాదు: అదే దేశంలో ట్రెట్టెన్ వంతెన 2022 ఆగస్టు 15న కూలింది, డోవెళ్ల గుంపు చుట్టూ ఉన్న కలప దిమ్మగా కోసుకుపోయి ఊడిరావడం వల్ల. బోల్టుతో పాటు దాని చుట్టూ ఉన్న కలపనూ లెక్క కట్టాలి.

ఈసారి అభ్యాసం కష్టమే. దూలం ఎత్తు 900 మి.మీ. చేసి, పీఠాన్నీ ప్లేట్లనూ చార్టు మీద నిజ పరిమాణంలో గీయండి. 14 శాతం తేమ వద్ద, 9 శాతానికి ఆరాక, వానాకాలంలో 13 శాతానికి ఉబ్బాక ప్రతి బోల్టు ఎక్కడుంటుందో మూడు రంగుల్లో గుర్తించి, పై రంధ్రం పొడవు నిర్ణయించండి. దూలం నడుమ 4 కిలోన్యూటన్ల దీపాల చట్రం వేలాడదీయాలంటే, దాని బోల్టును దూలం ఎత్తులో ఎక్కడ పెడతారో కారణంతో రాయండి.