గేమింగ్ ల్యాప్‌టాప్ ఎంచుకోవడం – 3వ పాఠం: స్టిక్కరు ఒకటే, వాట్లు వేరు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. ఆడే ఆటలు, బడ్జెట్టు రాసుకుని, నాలుగు సైట్లు తిరిగి, మూడు మోడళ్ల దగ్గర ఆగి ఉంటారు. మూడింటి వివరాలూ ఇంచుమించు ఇలా కనిపిస్తుంటాయి: ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల 144 హెర్ట్జ్ స్క్రీన్. ధరలో మాత్రం పది, పదిహేను వేల తేడా. అన్నీ అవే అయినప్పుడు ఎక్కువ ఎందుకు పెట్టాలి?

నేనూ ఒకప్పుడు ఇదే లెక్క వేసి తక్కువది తెచ్చుకున్నాను. మా బాబాయి కొడుకు దగ్గరున్నదానిలోనూ నాదానిలోనూ గ్రాఫిక్స్ కార్డు ఒకటే. పక్కపక్కన పెట్టి ఒకే గేమ్ ఆడితే వాడిది సాఫీగా పోయేది, నాది ఈడ్చేది. డ్రైవర్లు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తిరిగాను. అక్కడి కుర్రాడు అంతా చూసి "అన్నీ కరెక్టుగానే ఉన్నాయి సార్" అన్నాడు. నిజమే, కరెక్టుగానే ఉన్నాయి. కొనేముందు నేను చదవని అంకె ఒకటుంది, అంతే. ఈ రోజు పాఠం దాని గురించే.

టీజీపీ అంటే

టోటల్ గ్రాఫిక్స్ పవర్. గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠంగా ఎన్ని వాట్ల కరెంటు వాడుకోవచ్చో చెప్పే లెక్క ఇది. ఈ చిప్ తయారుచేసే ఎన్విడియా, ల్యాప్‌టాప్ 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించుకోవచ్చని ల్యాప్‌టాప్ కంపెనీలకు వదిలేసింది. పల్చటి ల్యాప్‌టాప్‌లో వేడి బయటికి పోయే దారి తక్కువ కాబట్టి అక్కడ తక్కువ వాట్లు ఇస్తారు. పెద్ద ఫ్యాన్లు, మందమైన బాడీ ఉన్నదానిలో ఎక్కువ ఇస్తారు. స్టిక్కరు మీద మాత్రం రెండింటికీ "ఆర్‌టీఎక్స్ 4060" అనే ఉంటుంది.

పొలంలో అయిదు హెచ్‌పీ మోటారు ఉన్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మోటారు అదే, బోరు అదే. లైన్‌లో లోవోల్టేజీ ఉన్నరోజు నీళ్లు సన్నగా పడతాయి.

ఇంతకుముందు ఈ తేడా పేరులోనే తెలిసేది. తక్కువ వాట్ల కార్డుకు "మ్యాక్స్-క్యూ" అని తోక ఉండేది. 2021లో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ వచ్చేసరికి కార్డు పేర్లలోంచి ఆ తోక తీసేశారు. అప్పటి నుంచి వాట్లు వెతుక్కునే పని మన మీద పడింది. ఇది కొనేవాళ్లకు చేసిన మేలు కాదని నా అభిప్రాయం.

ఎన్ని వాట్లుంటే చాలు?

ఇక్కడే చాలామంది రెండోవైపు పొరపాటు చేస్తారు. వాట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని 140 వాట్లని రాసిన మోడల్ కోసం (115 దాటి 140 ఎలా అయిందో కింద చెబుతాను) ఇంకో పదివేలు పెడతారు. 4060 విషయంలో 50, 60 వాట్ల నుంచి 90, 100 వాట్లకు వెళ్తే తేడా ఆటలో కంటికి కనిపిస్తుంది. 100 దాటాక చిప్ వోల్టేజీ పరిమితికి తగులుకుంటుంది, అదనపు వాట్లు పెద్దగా అక్కరకు రావు. కాబట్టి 100కు కాస్త అటూ ఇటూ ఉన్న 4060 దొరికితే నేనైతే అక్కడే ఆగిపోతాను. మిగిలిన డబ్బు స్క్రీన్ మీద పెడతాను.

4060కి ఒక మెట్టు కిందిదైన 4050కి కూడా గరిష్ఠం 115 వాట్లే. 45 వాట్ల 4060, పూర్తి వాట్లున్న 4050 పక్కపక్కన ఉంటే వేగంలో 4050కే ఓటు. కాకపోతే 4050లో మెమరీ 6 జీబీ, 4060లో 8 జీబీ. కొత్త పెద్ద ఆటల్లో టెక్స్‌చర్లు (గోడలు, నేల లాంటి వాటి మీద కనిపించే బొమ్మలు) హై పెట్టుకునేవాళ్లకు ఆ రెండు జీబీల అవసరం బాగా తెలుస్తుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివే ఆడేవాళ్లు దీనికి టెన్షన్ పడనక్కర్లేదు.

అంకెలో మడతపేచీ

ఒక కంపెనీ "115 వాట్లు" అని రాస్తుంది, ఇంకోటి "140 వాట్లు" అంటుంది. రెండూ ఒకటే అయ్యుండొచ్చు! డైనమిక్ బూస్ట్ అని ఒకటుంది. ప్రాసెసర్‌కు పని తక్కువున్నప్పుడు దాని వాటాలోంచి 25 వాట్ల దాకా గ్రాఫిక్స్ కార్డుకు మళ్లిస్తుంది. 115కు 25 కలిపితే 140. పోల్చేటప్పుడు రెండు అంకెలూ బూస్ట్ కలిపినవేనా, కలపనివేనా అని ముందు చూసుకోండి.

ఎక్కడ దొరుకుతుంది

షాపింగ్ సైట్ పేజీలో సాధారణంగా ఉండదు. తయారీదారు సొంత సైట్‌లో అదే మోడల్ నంబరు కింద స్పెసిఫికేషన్లలో చూడాలి. లెనోవోకైతే పీఎస్‌రెఫ్ అనే ప్రత్యేక సైట్ ఉంది, అందులో వాట్లు స్పష్టంగా రాస్తారు.

సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి కంప్యూటర్ల మార్కెట్‌కు నేరుగా వెళ్తే ఇంకా సులువు. డెమో పీస్ ఆన్ చేయించి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కండి. "మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్" అనే వరుసలో అంకె కనబడుతుంది. సేల్స్ అబ్బాయి "అవన్నీ ఎందుకన్నా" అంటాడు. నవ్వి ఊరుకోండి, చూడటం మాత్రం మానకండి.

ఏదీ కుదరకపోతే ఛార్జర్ అడాప్టర్ మీద రాసింది చదవండి. 230 వాట్ల అడాప్టర్ ఇచ్చారంటే కార్డుకు ధారాళంగా కరెంటు ఇచ్చి ఉంటారు. 4060కి 150 వాట్ల అడాప్టరే ఇచ్చారంటే అనుమానించాలి. ఇది రుజువు కాదు, ఆనవాలు మాత్రమే.

మోడల్ నంబరు పూర్తిగా రాసుకోండి

అసుస్ "టఫ్ ఏ15", లెనోవో "లాక్ 15" అన్నవి ఇంటిపేర్లలాంటివి. ఒక్కో పేరు కింద పది రకాలుంటాయి. లెనోవోలో 15ఐఆర్‌హెచ్8 అంటే 15 అంగుళాల ఇంటెల్ మిషన్, 15ఏపీహెచ్8 అంటే ఏఎండీది. అసుస్‌లో ఎఫ్ఏ507ఎన్‌యూ అంటే 4050 ఉన్నది, ఎఫ్ఏ507ఎన్‌వీ అంటే 4060 ఉన్నది. ఒక్క అక్షరం తేడాతో కార్డే మారిపోయింది చూడండి.

ఏఎండీ ప్రాసెసర్ల సంగతి రెండు ముక్కల్లో: 7000, 8000 సిరీస్‌లలో మూడో అంకె చూడండి. రైజెన్ 7735హెచ్ఎస్‌లో అది 3, అంటే పాత జెన్ 3 తరం. 7840హెచ్ఎస్‌లో 4, అంటే జెన్ 4. రెండూ 7తోనే మొదలవుతాయి, రెండింటికీ ఎనిమిది కోర్లే. 4050తో గేమ్స్ మాత్రమే ఆడేవాళ్లకు పాతది తక్కువలో వస్తే తీసుకున్నా నష్టం లేదు. వీడియో ఎడిటింగ్ కూడా చేసేవాళ్లు కొత్తదాని వైపు మొగ్గండి.

ఇంటిపని

మీ లిస్టులోని మూడు మోడళ్లకు నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: పూర్తి మోడల్ నంబరు, బూస్ట్ కలపని వాట్లు, బూస్ట్ కలిపిన వాట్లు, అడాప్టర్ వాట్లు. దొరకని గడిని ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపొద్దు. తయారీదారు సైట్‌లోనూ షాపులోనూ ఎక్కడా వాట్లు తెలియని మోడల్ ఉంటే దాన్ని లిస్టులో ఆఖరుకు తోసేయండి.

పక్కన అయిదో గడి కూడా గీసి వదిలేయండి. అందులో స్క్రీన్ చూపించే రంగుల గురించి "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాయాలో, "100 శాతం ఎస్ఆర్‌జీబీ" అని రాయాలో వచ్చే పాఠంలో చూద్దాం.