విడిపోయిన జైనిచి కుటుంబ చరిత్రను నమోదు చేయడం ఎలా

అన్న ఒసాకాలో, తమ్ముడు ప్యాంగ్యాంగ్‌లో, తాతముత్తాతల సమాధులు దక్షిణ కొరియాలోని జెజు ద్వీపంలో ఉన్న కుటుంబాలు జపాన్‌లోని కొరియన్లలో, అంటే జైనిచిలలో, అనేకం ఉన్నాయి. అటువంటి ఇంటి చరిత్ర రాయదలచినవారు "మీరు ఉత్తరం వైపా, దక్షిణం వైపా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. ఉత్తర కొరియాను సమర్థించే చొంగ్రియోన్, దక్షిణ కొరియాను సమర్థించే మిందాన్ సంఘాల మధ్య దశాబ్దాలుగా నలిగిన పెద్దలు ఆ ప్రశ్న వినగానే మౌనం వహిస్తారు.

ముందుగా ప్రతి వ్యక్తికీ ఒక కాగితం కేటాయించి, స్వగ్రామం, జపాన్‌కు వచ్చిన సంవత్సరం, కొరియన్ పేరు, వాడుకలో ఉన్న జపనీస్ పేరు రాసుకోవాలి. ఒకే మనిషి రెండు పేర్లతో రెండు చోట్ల నమోదై ఉండడం సర్వసాధారణం. తర్వాత పాత విదేశీయుల నమోదు పత్రాల కోసం జపాన్ వలస వ్యవహారాల సంస్థకు కుటుంబ సభ్యుల చేత దరఖాస్తు చేయించాలి. వాటిలో చిరునామాల మార్పులు తేదీలతో సహా కనిపిస్తాయి. అయితే జాతీయత గడిలో 'చోసెన్' (కొరియాకు జపనీస్‌లో పాత పేరు) అని ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తిని ఉత్తర కొరియా పౌరుడిగా భావించరాదు. 1947లో, రెండు కొరియా రాజ్యాలు ఏర్పడకముందే, కొరియన్లందరినీ ఆ పేరుతోనే నమోదు చేశారు. 1950 నుంచి కొందరు దానిని 'కాన్కొకు'గా, అంటే దక్షిణ కొరియాగా, మార్చుకున్నారు. ఎవరు ఏ సంవత్సరంలో మార్చుకున్నారో, ఎవరు మార్చుకోలేదో గమనిస్తే ఇంట్లో చీలిక ఎప్పుడు మొదలైందో చాలావరకు తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసినది జైనిచిలు ఓడల్లో ఉత్తర కొరియాకు తరలివెళ్లిన కాలానికి. 1959 ఆగస్టులో కలకత్తాలో జపాన్, ఉత్తర కొరియాల రెడ్‌క్రాస్ సంస్థలు ఇందుకు ఒప్పందం చేసుకున్నాయి. ఆ డిసెంబరు 14న జపాన్‌లోని నీగాత రేవు నుంచి మొదటి ఓడలు బయలుదేరాయి. 1984 వరకు సుమారు 93,000 మంది ఉత్తర కొరియాకు వెళ్లారు. వారిలో అత్యధికుల మూలాలు దక్షిణాన ఉన్నాయి కనుక, వారు వెళ్లినది తమ సొంత ఊరికి కాదు. పేదరికం, వివక్ష, 1952లో జపాన్ పౌరసత్వం పోవడం, ఉచిత విద్య, ఉపాధి దొరుకుతాయన్న ప్రచారం, వీటిలో ఏది ఆ ఇంటిని కదిలించిందో విడివిడిగా అడగాలి. కొరియన్ భర్తలతో వెళ్లిన సుమారు 1,800 మంది జపనీస్ భార్యల్లో తొలి బృందం పుట్టింటిని చూడగలిగింది 1997లో మాత్రమే.

ఉత్తర కొరియా నుంచి వచ్చిన ఉత్తరాలు తనిఖీకి లోనై వచ్చినవి కనుక, వాటిలోని పొగడ్తను అలాగే నమ్మకూడదు. పంపమని కోరిన మందులు, బట్టలు, డబ్బు జాబితాను తేదీల వారీగా రాసుకుంటే అక్కడి జీవితం మరింత స్పష్టంగా తెలుస్తుంది. జపాన్‌లో మిగిలినవారు అక్కడి ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకపోవడాన్ని సమ్మతిగా చదవడం అన్యాయం. వారి మాటకు అక్కడి తోబుట్టువులు మూల్యం చెల్లించవలసి వస్తుందన్న భయం వారిని ఆపింది.

అందువల్ల ఉత్తరాన జీవించి ఉన్న బంధువుల పేర్లు, ఊళ్లు, ఉద్యోగాలు ప్రచురణలో మార్చాలి. అచ్చుకు ముందు ప్రతిని జపాన్‌లోని కుటుంబానికి చదివి వినిపించి, వారు వద్దన్న భాగాన్ని కారణం అడగకుండా తొలగించాలి.