ఆపరేషన్ అయిన పిల్లి కూన ఇంటికొచ్చిందా? మీ మందుల డబ్బా జోలికి వెళ్లకండి

పోయిన వారం మా వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో అయిదు నెలల ఆడ కూన చనిపోయింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. రెండో రోజు రాత్రి కూన ఒక మూలకి చేరి ముడుచుకుని కూర్చుంది. ముట్టుకుంటే ఒళ్లు కాలుతున్నట్టు అనిపించింది. క్లినిక్ అప్పటికే మూసేశారు. ఇంట్లో చంటిపాపకి వాడే పారాసిటమాల్ చుక్కలు ఉన్నాయి. "పసిపిల్లలకే వేస్తాం కదా, దీనికేమవుతుంది" అని ఒక మిల్లీలీటరు పట్టారు. తెల్లారేసరికి మూతి ఉబ్బిపోయింది, చిగుళ్లు గోధుమ రంగుకి తిరిగాయి, నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి చేరేలోపే పోయింది.

వాళ్లు నిర్లక్ష్యం చేసిన మనుషులు కాదు. రాత్రంతా దాని పక్కనే కూర్చున్నారు. ఇదే తప్పు వేరే ఇళ్లలోనూ చూశాను. ప్రతిసారీ ఇదే వరుస: కూనకి ఆపరేషన్, రాత్రిపూట టెన్షన్, చేతికందిన మాత్ర. పగటి పొద్దు పెరిగేకొద్దీ పిల్లులు ఎదకి రావడం ఎక్కువవుతుంది కాబట్టి, అంతకంటే ముందే, ఈ చలికాలంలోనే చాలామంది కూనలకి ఆపరేషన్లు చేయిస్తారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. గది శుభ్రంగా ఉంచాలి, మంచినీళ్లు పెట్టాలి వంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

పారాసిటమాల్ పిల్లికి విషం

ఎక్కువైతే విషం అనుకోకండి. పిల్లికి ఇంత వేస్తే పర్లేదు అనదగ్గ డోసే లేదు. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అన్నీ పారాసిటమాలే. చాలా జలుబు సిరప్‌లలో కూడా అదే ఉంటుంది.

మన కాలేయం ఈ మందుని హాని లేని రూపంలోకి మార్చి, మూత్రంలో పోయేలా చేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లి కాలేయంలో లేదనే చెప్పాలి. దాంతో మందు వేరే దారిలో విషపదార్థంగా మారి రక్తం మీద పడుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మోయలేని రూపంలోకి మారిపోతుంది. కూన గాలి పీలుస్తూనే ఉంటుంది, కానీ ఒంట్లోకి ఆక్సిజన్ అందదు. చిగుళ్లు గోధుమ రంగుకో నీలం రంగుకో తిరిగేది అందుకే. మూతి, పాదాలు ఉబ్బుతాయి. కాలేయం కూడా దెబ్బతింటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. అయిదు నెలల కూన కిలోన్నర నుంచి రెండు కిలోలు ఉంటుంది. మన దగ్గర పసిపిల్లల చుక్కల మందులో మామూలుగా మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. కిలోన్నర కూనకి అది కిలోకి 66 మిల్లీగ్రాములు. కిలోకి 10 మిల్లీగ్రాముల దగ్గరే విషలక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి. 650 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క వేశారనుకోండి, 65 కిలోల మనిషి ఒకేసారి పది పదకొండు మాత్రలు మింగినంత. పైగా ఆ మనిషికి దాన్ని హాని లేకుండా చేసే ఎంజైము ఉంది, ఈ కూనకి అది కూడా లేదు. కాబట్టి "చిన్న ముక్కే కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇప్పటికే వేసేసి ఉంటే లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా బయల్దేరండి. సీసా గానీ స్ట్రిప్ గానీ వెంట తీసుకెళ్లండి. ఎంత వేశారు, ఎన్ని గంటలకి వేశారు అన్నది వెళ్లగానే డాక్టరుకి చెప్పండి. దీనికి విరుగుడు ఉంది. మనుషులు పారాసిటమాల్ ఎక్కువ మింగినప్పుడు ఇచ్చే ఎసిటైల్ సిస్టీనే పిల్లులకీ ఇస్తారు. కానీ అది గంటలతో పందెం. తిడతారేమో అని మాత్ర సంగతి దాచిపెట్టి, "ఆపరేషన్ తర్వాత ఎందుకో ఇలా అయింది" అని చెప్పేవాళ్లున్నారు. అప్పుడు డాక్టరు కుట్లు చూస్తూ, స్కానింగులు చేయిస్తూ ఆ విలువైన గంటలు పోగొట్టుకుంటారు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి.

ఒళ్లు కాలుతోంది అనిపిస్తే

అసలు తప్పు ఇక్కడ మొదలవుతుంది. పిల్లి మామూలు ఒంటివేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనది 98.6. అంటే ఆరోగ్యంగా ఉన్న కూనని ముట్టుకున్నా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. మామూలు రోజుల్లో పట్టించుకోం. ఆపరేషన్ అయిన రాత్రి చెవులు పట్టుకుని చూస్తాం, జ్వరం అనుకుంటాం. జ్వరం అనగానే మన చెయ్యి డోలో మీదకే వెళ్తుంది.

చేత్తో జ్వరం చూడకండి. మూడు నాలుగు వందల్లో దొరికే డిజిటల్ థర్మామీటరు ఒకటి కూన కోసమే కొని పెట్టుకోండి. కొనకి కాస్త వాజెలిన్ రాసి మలద్వారంలో సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోపలికి పెట్టాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు చూడాలి. ఎలా చేయాలో ఆపరేషన్ రోజే కాంపౌండర్‌ని చూపించమనండి. 103 దాటినా, 100కి కిందికి పడినా డాక్టరుకి ఫోన్. మధ్యలో ఉంటే జ్వరం లేదు. జ్వరం ఉన్నా సరే, మందు మీరు వేయరు.

ఆస్పత్రి నుంచి బయల్దేరేముందు

చాలామంది బిల్లు కట్టి, బుట్ట పట్టుకుని వచ్చేస్తారు. నొప్పి గురించి అడగరు. రాత్రి కూన మూలిగితే అప్పుడు గుర్తొస్తుంది. ఈ మూడు అడిగి, జవాబులు చీటీ మీద రాయించుకోండి. నొప్పి తగ్గడానికి ఏ ఇంజెక్షన్ ఇచ్చారు, అది ఎన్ని గంటలు పనిచేస్తుంది? ఆ తర్వాత ఇంట్లో ఇవ్వాల్సిన మందు ఉందా, ఉంటే ఎన్ని చుక్కలు, ఎన్ని రోజులు? రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

పిల్లులకి పనికొచ్చే నొప్పి మందులు ఉన్నాయి. వాటిని డాక్టరు బరువు చూసి ఇస్తారు. మెలాక్సికామ్ లాంటివి పిల్లికి చాలా తక్కువ మోతాదులో, డాక్టరు చెప్పినన్ని రోజులే. మీ కుక్కకి వాడే సీసాలోంచి అదే మందు కదా అని పోయకండి, అది పిల్లుల మందు కంటే చిక్కగా ఉండొచ్చు. మోతాదు మీరితే మూత్రపిండాలు పోతాయి.

రాత్రి తెరిచి ఉండే ఆస్పత్రి ఏదో ఆపరేషన్‌కి ముందే కనుక్కోండి. హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్, విజయవాడ వైపు గన్నవరం, అటు తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో ఆస్పత్రులు ఉన్నాయి. వాటి వేళలు ముందే అడిగి పెట్టుకోండి. కూన ఊపిరి అందక ఎగపోస్తుంటే ఫోన్‌లో వెతుకుతూ కూర్చునే టైము ఉండదు.

మొదటి రాత్రి

మత్తు దిగేటప్పుడు కూన తూలుతుంది, తల ఊపుతుంది, ఎటో చూస్తూ అరుస్తుంది. కెటామిన్ అనే మత్తుమందు ఇచ్చి ఉంటే కళ్లు తెరుచుకునే పడుకుంటుంది. ఈ అరుపు చాలావరకు మత్తు వల్లే. దీన్ని నొప్పి అనుకుని మాత్ర వేసేవాళ్లని చూశాను. నిజంగా నొప్పి ఉన్న పిల్లి సాధారణంగా అరవదు. తల భుజాలకంటే కిందికి దించి, వీపు గూనిలా పైకి లేపి, కళ్లు సగం మూసి, చెవులు పక్కలకి వాల్చి కదలకుండా కూర్చుంటుంది. పొట్ట దగ్గర చెయ్యి పెడితే బుస్సుమంటుంది. మర్నాడు కూడా అలాగే ఉంటే డాక్టరుకి వీడియో తీసి పంపండి.

చలి ఎక్కువ ఉన్న రాత్రి కూన ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది. మత్తు పూర్తిగా దిగదు, కోలుకోదు. సీసాలో వేడినీళ్లు పోసి, మందపాటి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. ఒంటికి ఆనించొద్దు, మత్తులో ఉన్న కూన పక్కకి జరగలేక కాలిపోతుంది.

నిలకడగా నడిచేదాకా తిండి పెట్టొద్దు, నోట్లో నీళ్లు అసలే పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నడక కుదిరాక రోజూ తినేదాంట్లో పావు వంతు పెట్టండి. అలాగని పొద్దుటిదాకా ఖాళీ కడుపుతోనూ ఉంచకండి. చిన్న కూనలకి ఒంట్లో చక్కెర త్వరగా పడిపోతుంది.

నిద్రపోయేముందు పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. తెల్లగా పాలిపోతే లోపల రక్తం కారుతుండొచ్చు. గోధుమ రంగు, నీలం రంగు అయితే ఏమిటో పైన చెప్పాను. రెండిటికీ తెల్లారేదాకా ఆగకూడదు.

కుట్లు

ఆడ కూనకి పొట్ట మధ్యలోనో, ఎడమ పక్కనో కుట్లుంటాయి. మగ కూనకి రెండు చిన్న కోతలే, చాలాసార్లు కుట్టకుండానే వదిలేస్తారు, అది తప్పు కాదు. రోజుకి రెండుసార్లు టార్చి వేసి చూడండి, రోజూ ఒకే వైపునుంచి ఒక ఫోటో తీయండి. ఫోటోలు పక్కపక్కన పెడితే వాపు పెరుగుతోందా తగ్గుతోందా తెలిసిపోతుంది. కొద్దిగా ఎర్రగా ఉండటం, నాలుగైదు రోజులకి కుట్ల వెంట గట్టిగా చిన్న వాపు తగలడం మామూలే. చీము, వాసన, ఆగకుండా కారే తడి, మెత్తగా ఉబ్బిన బుడిపె మామూలు కాదు. కుట్లు విడి లోపలిది బయటకొస్తే లోపలికి నెట్టకండి. శుభ్రమైన తడి గుడ్డ కప్పి పరుగెత్తండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

కుట్లు నాకకుండా మెడ చుట్టూ కట్టే కోన్ తీయొద్దు. "పాపం, తినలేకపోతోంది" అని అరగంట తీసినా చాలు, గరుకు నాలుకతో కుట్లు లాగేస్తుంది. గిన్నె బదులు సాసరులో పెట్టండి, తింటుంది.

కుట్ల మీద పసుపు పూయొద్దు. కొబ్బరినూనె వద్దు. వేపనూనె వద్దు.

డెట్టాల్ అసలు వద్దు. అందులోది ఫినాల్ జాతి మందు, పిల్లి నాకితే విషం. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద కూడా నడవనివ్వొద్దు, పాదాలు నాకుతుంది.

విక్స్, అమృతాంజనం, కర్పూరం దగ్గరికి రానివ్వొద్దు.

కాంబిఫ్లామ్ వద్దు. అందులో పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ రెండూ ఉన్నాయి. డిస్ప్రిన్ వద్దు. డైక్లోఫెనాక్ వద్దు. నిమెసులైడ్ వద్దు. మెడికల్ షాపతను చెప్పినా వద్దు.

పక్కింటివాళ్లు "మా కుక్కకి వేశాం, ఏం కాలేదు" అంటారు. కుక్క వేరు, పిల్లి వేరు. వద్దు.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ మీ అంతట మీరు వేయొద్దు.

కుక్కలకి వాడే పిడుదుల మందు చల్లొద్దు. చాలావాటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లుల్ని వణికించి చంపుతుంది.

ఆవుపాలు పొయ్యొద్దు. విరేచనాలు పట్టుకుంటే ముక్కడం, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి.

ట్రేలో ఇసుక తీసేసి చింపిన న్యూస్‌పేపర్ వేయండి, ముఖ్యంగా మగ కూనకి. ఇసుక రేణువులు కోతలో ఇరుక్కుంటాయి.

తోబుట్టువులతో వెంటనే కలపొద్దు. ఆస్పత్రి వాసనకి అవి గుర్తుపట్టక మీద పడతాయి.

బాల్కనీ తలుపు మూయండి. ఫ్రిజ్ మీదకి, అల్మారా మీదకి ఎక్కే దారులు మూయండి.

కుట్లు విప్పేదాకా స్నానం లేదు.

ఇరవై నాలుగు గంటలు తినకపోతే ఫోన్. ఇరవై నాలుగు గంటలు మూత్రం పోయకపోతే ఫోన్. రెండుసార్లు కక్కితే ఫోన్. ఫోన్ ఎత్తకపోతే బుట్టలో పెట్టుకుని వెళ్లండి. ఫోన్ ఎత్తలేదని మాత్ర వేయొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకి, పనమ్మాయికి, పిల్లలకి కూడా చెప్పండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు జాలిపడి మాత్ర వేసేది వాళ్లే. కూన ఉన్న గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి: "దీనికి ఏ మందూ వేయకండి, నాకు ఫోన్ చేయండి."

పది నుంచి పద్నాలుగు రోజులకి కుట్లు విప్పించండి. ఇంట్లో కత్తెర పెట్టొద్దు.

మగ కూనకి ఆపరేషన్ అయిన వెంటనే పని అయిపోయిందనుకోవద్దు. లోపల మిగిలిన వీర్యకణాలు కొన్ని వారాలు ఉంటాయి. ఆడ కూనలు నాలుగో నెలకే ఎదకి రావచ్చు. ఆపరేషన్ కాని ఆడ కూన ఇంట్లో ఉంటే, అక్కాతమ్ముళ్లయినా సరే, నెలా పదిహేను రోజులు రెండిటినీ వేర్వేరు గదుల్లో ఉంచండి.