వర్కర్స్ కాంప్ బిల్లు ఎక్కువొచ్చిందా? కన్సల్టెంట్‌ని పెట్టుకునే ముందు చూడాల్సినవి

అమెరికాలో మోటెలో, రెస్టారెంటో, గ్యాస్ స్టేషనో నడిపే మనవాళ్లకి వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగులకి వైద్యం, జీతం ఇచ్చే బీమా) బిల్లు రెన్యూవల్ అప్పుడు ఒకసారి, ఆడిట్ అయ్యాక ఇంకోసారి గుండె గుభేలుమనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే "మీరు ఎక్కువ కడుతున్నారు, వెనక్కి ఇప్పిస్తాం, వచ్చిన దాంట్లో మాకు వాటా ఇస్తే చాలు" అని ప్రీమియం ఆడిట్ కన్సల్టెంట్లు ఫోన్ చేస్తారు. వాళ్లలో పనిమంతులు ఉన్నారు. కానీ తప్పు ఎక్కడుందో మీకు కొంతైనా తెలియకుండా సంతకం పెడితే, ఒక్క ఈమెయిల్‌తో మీరే సరిచేయించుకోగల దానికీ వాటా ఇచ్చుకోవాలి.

బిల్లు లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ప్రతి 100 డాలర్ల పేరోల్‌కి (మీరిచ్చే జీతాలకి) మీ క్లాస్ కోడ్ (పని రకాన్ని బట్టి ఇచ్చే నంబరు) రేటు వేసి, దాన్ని ఎక్స్‌పీరియన్స్ మోడ్‌తో (మీ పాత క్లెయిముల్ని బట్టి వచ్చే గుణకంతో) గుణిస్తారు. తర్వాత డిస్కౌంట్లు, ఫీజులు. తప్పులు ఎక్కువగా ఆ మొదటి మూడింట్లోనే దొరుకుతాయి.

సమస్య: ఏడాది ముగిశాక ఆడిట్ పేరుతో వేలల్లో అదనపు బిల్లు

మొదట కట్టింది అంచనా పేరోల్ మీద, ఆడిట్‌లో తేలేది అసలు పేరోల్ మీద. తేడా న్యాయమైనదే కావచ్చు. అయినా ఆడిటర్ వర్క్‌షీట్ తెప్పించుకుని చూడండి. బిల్లు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

ముందు ఓవర్‌టైమ్. గంటకి 20 డాలర్ల కుక్ ఓవర్‌టైమ్‌లో 30 తీసుకుంటే, చాలా రాష్ట్రాల్లో లెక్కలోకి రావాల్సింది ఆ 20 మాత్రమే, పై 10 తీసేయాలి. పెన్సిల్వేనియాలో ఈ మినహాయింపు లేదు. ఉన్నచోట కూడా మీ పేరోల్ రిపోర్టులో ఓవర్‌టైమ్ ఉద్యోగి వారీగా విడిగా కనిపిస్తేనే ఇస్తారు. తర్వాత టిప్పులు. సర్వర్లకి కస్టమర్లు ఇచ్చే టిప్పులు మామూలుగా ప్రీమియం లెక్కలోకి రావు. ఆడిటర్ 941 ఫారంలో (మూడు నెలలకోసారి ఐఆర్‌ఎస్‌కి ఇచ్చే పేరోల్ టాక్స్ రిటర్నులో) ఉన్న మొత్తాన్ని ఎత్తి రాసుకుంటే అవీ కలిసిపోతాయి.

మూడోది కాంట్రాక్టర్లు. మోటెల్ కప్పు బాగుచేసినవాళ్లకి సొంత వర్కర్స్ కాంప్ ఉందన్న సర్టిఫికెట్ మీ దగ్గర లేకపోతే, వాళ్లకిచ్చిన డబ్బుని రూఫింగ్ రేటులో మీ ఖాతాలో వేయొచ్చు. రూఫింగ్ రేటుతో పోలిస్తే మోటెల్ రేటు ఏ మూలకీ రాదు. పని జరిగిన తేదీలకి చెల్లే సర్టిఫికెట్‌ని ఇప్పుడైనా వాళ్లనడిగి పంపండి.

ఇంతవరకూ కన్సల్టెంట్ అక్కర్లేదు, మీ సీపీఏ చాలు. ఆడిట్ ఉత్తరాలకి జవాబే ఇవ్వకపోవడం వల్ల పడిన బిల్లయితే అసలే అక్కర్లేదు. రికార్డులు ఇచ్చి ఆడిట్ పూర్తి చేయించుకోవడమే మందు.

సమస్య: ఆఫీసులో కూర్చునేవాళ్లకీ వంటింటి రేటే

ఆఫీసు సిబ్బందికి 8810 అనే చవక కోడ్ ఉంది. దానికి కేవలం ఆఫీసు పనే చేయాలి, ఆ గది మిగతా పనిచోటు నుంచి విడిగా ఉండాలి. కౌంటర్ దగ్గర డబ్బు తీసుకునే అబ్బాయి దీని కిందకి రాడు. మధ్యాహ్నం రష్‌లో వడ్డనకి దిగే అకౌంటెంట్ కూడా రాడు.

కోడ్ మార్పించే ముందు ఒక సంగతి. ఎన్‌సీసీఐ (చాలా రాష్ట్రాలకి ఈ బీమా రూల్స్ తయారుచేసే సంస్థ) నిబంధనలు నడిచే రాష్ట్రాల్లో కోడ్ దిద్దడం వల్ల ప్రీమియం తగ్గేటట్టయితే పాలసీ మొదటి రోజు నుంచీ తగ్గిస్తారు. పెరిగేటట్టయితే, మొదటి 120 రోజుల్లో బయటపడినది మొదటి నుంచీ వర్తిస్తుంది. చివరి 90 రోజుల్లో బయటపడినది వచ్చే రెన్యూవల్ నుంచే. మధ్యలోనైతే తప్పు బయటపడిన రోజు నుంచి. అంటే తుట్టె కదిపితే మీకు ఎదురు తిరిగే వీలూ ఉంది. అందుకే కన్సల్టెంట్ ముందు కాగితాలు చూసి మీకు చెప్పాలి, మీరు సరేనన్నాకే ఇన్సూరెన్స్ కంపెనీకి రాయాలి.

సమస్య: జీతాలు పెరగలేదు, కోడ్ మారలేదు, ప్రీమియం మాత్రం పెరిగింది

రాష్ట్రంలో రేట్లే పెరగలేదని తేలితే, చూడాల్సింది మోడ్. 1.00 అంటే సగటు, పైన ఉంటే మీ క్లెయిములు ఎక్కువన్నట్టు. మామూలుగా మూడేళ్ల లెక్క తీసుకుంటారు, అప్పుడే ముగిసిన ఏడాదిని వదిలేస్తారు. 2025 జనవరి 1న మొదలైన పాలసీకైతే 2021, 2022, 2023 ఏళ్లవి.

నా ఉద్దేశంలో మంచి కన్సల్టెంట్ ఫీజు గిట్టుబాటయ్యేది ఇక్కడే. హౌస్‌కీపర్ నడుం నొప్పి క్లెయిమ్ తెరిచే ఉంటే, అడ్జస్టర్ (క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి) ముందుముందు ఖర్చవుతుందని పక్కన పెట్టిన రిజర్వు కూడా నష్టంగానే లెక్కకొస్తుంది. పాలసీ మొదలైన 18 నెలలకి ఉన్న అంకెనే మొదటిసారి బ్యూరోకి (మోడ్ లెక్కకట్టే సంస్థకి) పంపుతారు. ఆలోపే, ఆమె మళ్లీ పనిలో చేరిందని చూపించి రిజర్వు తగ్గించమని అడగాలి. మందులు, డాక్టరు ఖర్చుతోనే ముగిసిన క్లెయిమ్‌లో చాలా రాష్ట్రాల్లో 30 శాతమే మోడ్‌లో లెక్కిస్తారు. దాన్ని పొరపాటున, పనికి రాలేని రోజులకి డబ్బిచ్చిన క్లెయిమ్‌గా రాశారేమో చూడాలి. మోటెల్ కొత్తగా కొన్నవాళ్లకి ఇంకో చిక్కు: అమ్మినవాళ్ల క్లెయిముల చరిత్ర కూడా వెంట వచ్చే అవకాశం ఉంది. కొనకముందే అడగాల్సిన కాగితం అది.

సమస్య: డబ్బు రాకముందే కన్సల్టెంట్ ఇన్వాయిస్ వచ్చింది

కారణం కాంట్రాక్టులోనే ఉంటుంది. "గుర్తించిన ఆదా" మీద ఫీజు అని రాసి ఉంటే చిక్కే. "చేతికందిన రీఫండ్ లేదా జమ అయిన క్రెడిట్" అని మార్పించండి. వచ్చే ఏళ్ల ఆదా మీద కూడా వాటా అడిగితే ఎన్నేళ్లో రాయించండి, నేనైతే ఒక్క ఏడాదికి మించి ఒప్పుకోను. మీరు ఈపాటికే పట్టుకున్న తప్పుల జాబితా కాంట్రాక్టుకి జతచేసి, వాటికి ఫీజు లేదని రాయించండి. న్యూయార్క్ లాంటి చోట్ల ఇన్సూరెన్స్ కన్సల్టెంట్‌కి లైసెన్సు కావాలి, నంబరు అడగండి.

వివాదం నడుస్తోందని బిల్లు మొత్తం ఆపేయకండి. పేచీ లేని భాగం కట్టేయాలి, లేకపోతే పాలసీ రద్దు కావచ్చు. ఒహాయో, వాషింగ్టన్, వయోమింగ్, నార్త్ డకోటాల్లో ఈ బీమా రాష్ట్ర ప్రభుత్వ నిధి నుంచే కొనాలి, రూల్స్ కూడా వాళ్లవే. అక్కడ మీకు పని ఉంటే, ఆ రాష్ట్రంలో ఇంతకుముందు చేసిన కన్సల్టెంట్‌నే వెతుక్కోండి.