పాస్టరుగారి ఇంటికి కూడా క్రిస్మస్ రావాలంటే: డిసెంబరు నెల సర్దుకునే పద్ధతి

చిత్తూరు, తిరుపతి పక్క ఒక మాదిరి సంఘం అంటే ఎనభై కుటుంబాలు, ఒక అయ్యగారు (పాస్టరు), అమ్మగారు, బడికి పోయే వాళ్ల ఇద్దరు పిల్లలు, ఒక కీబోర్డు, తబలా, రెండు స్పీకర్లు. డిసెంబరు భారమంతా వీటి మీదే పడుతుంది. ఎనభై ఇళ్లకూ పండగ చేరుతుంది, చర్చి పక్కనున్న అయ్యగారి ఇంటికి మాత్రం జలుబు, గొంతునొప్పి, అప్పు చేరతాయి. భక్తి తక్కువై కాదు, నవంబరులో ఎవరూ కూర్చుని తేదీలు రాసుకోక.

తేదీలు వెనక నుంచి ముందుకు

2026నే తీసుకోండి. డిసెంబరు 25 శుక్రవారం. రెండు రోజులకే 27 ఆదివారం. 31 రాత్రి కొత్త ఏడాదిని ప్రార్థనతో ఆహ్వానించే వాచ్‌నైట్, తెల్లారితే జనవరి 1 ఆరాధన, 3న ఆదివారం, ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం. అంటే పది రోజుల్లో ఐదు ప్రసంగాలు. ఈ ఐదూ డిసెంబరు 12 శనివారానికి కాగితం మీద ఉండాలి. 14 నుంచి ఇల్లిల్లూ తిరిగి పాడే వీధి పాటలు మొదలైతే రాత్రి పదిన్నరకు ఇల్లు చేరే మనిషి ఏం రాస్తాడు? అప్పుడే పోయిన ఏటి ప్రసంగం బయటికొస్తుంది. ముందు వరసలో కూర్చునే ముసలమ్మలు దాన్ని రెండో నిమిషంలోనే పట్టేస్తారు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం నాలుగు ఆదివారాలు. ఆ ఏడాది నవంబరు 29తో మొదలై డిసెంబరు 20తో ముగుస్తుంది. ఈ నాలుగింటికీ లూకా సువార్త మొదటి అధ్యాయం చాలు: జెకర్యా, మరియ, ఎలీసబెతు, మరియ పాట. యేసు పుట్టుక, గొర్రెల కాపరుల కథ ఉన్న లూకా 2ను 25వ తేదీకే దాచుకోండి. సెమీ క్రిస్మస్‌లో (25కి ముందే జరుపుకునే చిన్న పండగలో), ఆదివారపు బడి పండగలో, స్త్రీల సమాజంలో, అన్నిచోట్లా గొర్రెల కాపరులే వస్తే అసలు పండగనాడు వినే చెవి ఉండదు.

సెమీ క్రిస్మస్‌లకు ఒక హద్దు పెట్టండి. సొంత సంఘంలో రెండు: పిల్లలది, ఆడవాళ్లదీ యవ్వనస్థులదీ కలిపి ఒకటి. బయటి సంఘాల పిలుపులు మూడు దాటొద్దు, నాలుగోదానికి సంఘ పెద్దను పంపండి. ఊరి సర్పంచో ఇంకో పెద్దమనిషో వస్తే కేక్ కోయించి, మూడు నిమిషాలు మాట్లాడమని ముందే చెప్పాలి. మైకు చేతికిచ్చాక చెప్పలేం.

ఇంకొకటి. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకు వస్తారు కాబట్టి పెళ్లిళ్లు కూడా 26 తరువాతే పెట్టుకుంటారు. పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి. 28న పెళ్లంటే కనీసం 13, 20, 27 తేదీల్లో చదివి తీరాలి. 15న పరుగెత్తుకొచ్చి అడిగితే అయ్యగారు కాదనాల్సి వస్తుంది, పండగ పూట ఒక ఇంటివాళ్లు అలుగుతారు. ఈ సంగతి నవంబరు మొదటి ఆదివారమే ప్రకటనల్లో చెప్పేస్తే గొడవుండదు.

వీధి పాటల లెక్క

ఒక ఇంటి దగ్గర పాటకు నాలుగు నిమిషాలు, వాక్యానికీ ప్రార్థనకూ మూడు, టీకి ఐదు, మళ్లీ చెప్పులేసుకుని పక్క వీధికి నడవడానికి మూడు. మొత్తం పదిహేను. రాత్రి ఏడు నుంచి పది దాకా పాడితే పన్నెండు ఇళ్లు. ఎనభై ఇళ్లకు ఏడు రాత్రులు పడుతుంది. ఈ కూడిక వేసుకోకుండా ‘నాలుగు రోజుల్లో అయిపోతుందిలే’ అనుకున్నచోటే చివరి ఇళ్లకు రాత్రి పన్నెండవుతుంది. నిద్రలో తలుపు తీసే ఆ ఇంటివాళ్లు ఏటా అదే వీధివాళ్లు.

టీ ఆ రాత్రి చివరి ఇంట్లో మాత్రమే అని ముందే చెప్పేస్తే రోజుకు దాదాపు గంట మిగులుతుంది. పదహారు, పదిహేడు ఇళ్లు అవుతాయి, ఐదు రాత్రులతో సరి. ప్రతి ఇంట్లో కేక్, టీ, నిప్పట్లు అయితే ఆరో ఇంటి దగ్గర పిల్లలు వాంతి చేసుకుంటారు. మర్యాద తక్కువైందని ఎవరైనా నొచ్చుకుంటే నిప్పట్లు పొట్లం కట్టి ఇమ్మనండి, ఆదివారపు బడికి పనికొస్తాయి.

అయ్యగారు అన్ని రాత్రులూ పోనక్కర్లేదు. మొదటి రాత్రి, చివరి రాత్రి, మధ్యలో ఒకటి. మిగతా రోజులు ప్రార్థన చేయడానికే సంఘ పెద్దలున్నారు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు వంద మీటర్ల లోపల పగలు కూడా వద్దు. మైకు పెట్టేట్టయితే పోలీసు స్టేషన్‌లో అనుమతి కాగితం ముందే తీసుకోండి. చట్టం సంగతి పక్కనపెట్టినా, అది ధనుర్మాసం. పక్కింటివాళ్లు తెల్లారకముందే లేచి, నీళ్లు పోసుకుని ముగ్గు పెట్టుకోవాలి. అర్ధరాత్రి వాళ్ల కిటికీ కింద డ్రమ్ము వాయిస్తే, పగలు మనం పంచిన కేక్ రుచి వాళ్లకు గుర్తుండదు. తబలా, తాళాలు చాలు. తిరుపతిలో అయితే పాటల బండిని అలిపిరి వైపు అసలు తిప్పొద్దు. కొండ మీద అన్యమత ప్రచారం నిషేధం, పైగా వైకుంఠ ఏకాదశి రోజులైతే ఆ దారిలో బండి కదలదు.

కానుక డబ్బాకు తాళం, తాళంచెవి కోశాధికారి దగ్గర. ఏ రాత్రి డబ్బు ఆ రాత్రే ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. డబ్బా అయ్యగారి ఇంట్లో పడుకోకూడదు. ఆయన్ను నమ్మక కాదు, రేపు ఒకడు నోరు జారితే ఆయనకు ఆధారం ఉండాలని.

నక్షత్రం

కొన్న ప్లాస్టిక్ స్టార్ రెండేళ్లకు రంగు పోతుంది. వెదురుతో కడితే ఏటా కాగితం మార్చుకుంటే సరిపోతుంది. మేదరవాళ్ల దగ్గర మూడడుగుల బద్దలు పది తీసుకోండి, వేలెడు వెడల్పు, అన్నీ ఒకే మందం. ఐదు బద్దలతో నేల మీద ఒక నక్షత్రం పరిచి, ఐదు కొనల దగ్గరా బైండింగ్ వైరుతో బిగించాలి. బద్దలు ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా పోయేట్టు అల్లితే ఆకారం కదలదు. ఇలాంటిదే రెండోది కట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కొనలు ఐదూ కలిపి కట్టండి. ఇప్పుడు లోపల బద్దలు దాటుకునే ఐదు చోట్ల, రెండు నక్షత్రాల మధ్యన ఎనిమిది అంగుళాల పుల్ల ఒక్కోటి నిలబెట్టి కడితే అది పొట్ట ఉబ్బి నిలుస్తుంది. పుల్లలు అన్నీ ఒకే పొడవు లేకపోతే నక్షత్రం మూతి వంకరపోతుంది. కట్టు బిగించాక ఇక సరిచేయలేరు, కాబట్టి ముందే కొలిచి కోసుకోండి.

పతంగుల కాగితం అందంగా ఉంటుంది కానీ ఇక్కడ డిసెంబరు అంటే ఈశాన్య రుతుపవనాల చివరి వానలు. బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చిందంటే తిరుపతిలో రెండు రోజులు ముసురే. గాజు కాగితమే వాడండి. లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు, పాతకాలపు 60 వాట్ల బల్బు వేడికి కాగితం ముడుచుకుపోతుంది. హోల్డరు నోరు కిందికి ఉండాలి, లేకపోతే నీళ్లు నిలుస్తాయి. వైరు అతుకులు నక్షత్రం దగ్గర కాకుండా చూరు కింద రావాలి. వైరుతో వేలాడదీయొద్దు, బరువు తాడు మీదే పడాలి.

నాటకం గురించి ఒక్క మాట. జ్ఞానులు ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు, కానుకలే మూడు. వాళ్లు వచ్చింది కూడా పశువుల తొట్టి దగ్గరికి కాదు, మత్తయి 2:11 ప్రకారం ఇంట్లోకి. రెండో దృశ్యంగా పెట్టి, ఐదారుగురు పిల్లలకు వేషం ఇవ్వొచ్చు. వేషం రాలేదని ఏడ్చేవాళ్లు తగ్గుతారు. మరియ వేషం ఏటా అయ్యగారి కూతురికే ఇవ్వడం మానండి. ఆ పిల్లకూ విసుగే, చూసేవాళ్లకూ విసుగే.

24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధన పెడితే ఒక్కో కొవ్వొత్తికి అట్టముక్క గుండ్రంగా కోసి మధ్యలో చిల్లి పెట్టాలి, మైనం చేతి మీద పడకుండా. వెలుగుతున్న కొవ్వొత్తిని నిటారుగానే పట్టుకోవాలి, వెలగనిదాన్ని వంచి అంటించుకోవాలి. పదేళ్లలోపు పిల్లలకు బ్యాటరీవి ఇవ్వండి. కొత్త పాలిస్టర్ గౌన్లు, జారే పైటలు, అంచున కూర్చున్నవాళ్ల చేతిలో మంట. తలుపు దగ్గర రెండు బకెట్ల నీళ్లు ఉండి తీరాలి.

ప్రేమ విందు, రెండు వందల మందికి

బిర్యానీకి బియ్యం 24 కిలోలు, కోడి 28, ఎర్రగడ్డలు కూరకు 10, పెరుగు పచ్చడికి 4, పెరుగు మొత్తం 18 కిలోలు, అల్లం, తెల్లగడ్డలు చెరొక కిలోన్నర, నూనె నాలుగు లీటర్లు, నెయ్యి ఒకటి. ఒకే పెద్ద గుండిగలో వేయొద్దు. అడుగు మాడి, పైన పలుకుగా ఉండేది అందుకే. పన్నెండేసి కిలోలు రెండు గుండిగల్లో వేయండి. ఆరాధన పన్నెండుకు అయ్యేట్టయితే దమ్ము పదకొండుంబావుకు దించాలి. ముందుగా దించితే ముద్దవుతుంది. వంట చేసేవాళ్లు పొద్దున నాలుగున్నర ఆరాధనకు వచ్చి పోవాలి. వాళ్లకు ఏటా పండగ ఆరాధన లేకుండా పోవడం మంచిది కాదు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు. షామియానా వేస్తే పైన టార్పాలిన్ కూడా కట్టించండి, ఆంప్లిఫయరు బల్ల మీద ఉండాలి, నేల మీద కాదు.

పండగ లేని ఇళ్లు

ఈ పని చాలాచోట్ల జారిపోతుంది. ఆ ఏడాది చావు జరిగిన ఇళ్లవాళ్లు ‘ఈ ఏడు మాకు పండగ లేదు’ అని నక్షత్రం కట్టరు, కొత్త బట్టలు తీయరు. వీధి పాటల జట్టు ఆ ఇంటిని దాటుకుని పోతుంది, మర్యాద అనుకునే. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం పాట పక్కింటి దగ్గర ఆగి, తమ గడప దాటి, అవతలింటి దగ్గర మళ్లీ మొదలవడం వినిపిస్తుంది.

సమాధుల పుస్తకం తీసి, గడిచిన డిసెంబరు నుంచి పేర్లు రాసుకోండి. ఎనభై కుటుంబాల్లో నాలుగైదు ఉంటాయి. డిసెంబరు 12 లోపు, సందకాడ, అయ్యగారూ అమ్మగారూ ఇద్దరే పోవాలి. కేక్ వద్దు, ఫొటోలు వద్దు. అరగంట కూర్చుని, పోయినవాళ్ల పేరు పెట్టి మాట్లాడి, ఒక కీర్తన చదివి ప్రార్థన చేయండి. లేచేముందు ఒక్క మాట అడగాలి: ‘పెద్దమ్మా, పిల్లోళ్లు పాటకు వస్తే మీ ఇంటి దగ్గర ఆగమంటారా, వద్దా?’ ఆగమంటే డ్రమ్ము లేకుండా మెల్లగా ఒక పాట. వద్దంటే ఆ వీధిలో అసలు పాడకుండా నడిచిపోవాలి. మంచం పట్టిన పెద్దవాళ్లకు ప్రభు భోజనం ఇంటికి తీసుకుపోవడం కూడా 19లోపే, పగటిపూటే ముగించండి.

అయ్యగారి ఇల్లు

బట్టలు నవంబరు 15కే టైలరు చేతిలో పడాలి. క్రిస్మస్, సంక్రాంతి రెండూ కలిసి మీద పడతాయి, ఆ తరువాత ఏ టైలరూ మాట నిలబెట్టుకోలేడు. జీతం పండగ తరువాత ఇచ్చే కమిటీలు దాన్ని డిసెంబరు 10కి జరపాలి. ఈ ఒక్కటే సగం అప్పులు ఆపుతుంది.

25 మధ్యాహ్నం నుంచి చూడ్డానికి వచ్చే ముప్పై మందికి టీ పెట్టడం అమ్మగారి పని కాదు. స్త్రీల సమాజం రెండేసి గంటలకు ఇద్దరు చొప్పున వంతులేసుకుని ఫ్లాస్కులతో రావాలి, గ్లాసులు కూడా వాళ్లే కడిగి పోవాలి. సాయంత్రం ఆరుకు తలుపు మూయాలి. మూసే మాట అయ్యగారు చెప్పలేరు, సంఘ పెద్ద ఒకరు వరండాలో కుర్చీ వేసుకుని చెప్పాలి: ‘అయ్యగారు పిల్లలతో ఉండారు, రేపు రండి నాయనా’.

ఇంటివాళ్ల పండగ 26న పెట్టుకోండి. 25న పెట్టుకుంటే ఎలాగూ జరగదు, ఆశపడిన పిల్లలు ముఖం మాడ్చుకుంటారు. ఆ రోజు ఫోను కోశాధికారి దగ్గర ఉంటుంది. చావు, ఆసుపత్రి తప్ప ఇంకేదైనా ఆయనే రాసిపెట్టుకుంటాడు. జనవరి 3 ఆరాధన అయ్యాక పండగ లెక్క సంఘంలో చదివేసి, 4న అమ్మగారి పుట్టింటికి బస్సెక్కడం. నక్షత్రం 6 తరువాత దించొచ్చు. గాజు కాగితం చింపేసి, వెదురు చట్రాన్ని ఎండబెట్టి దూలానికి వేలాడదీయండి. అటక మీద పెడితే ఎలుకలు కట్లు కొరికేస్తాయి.