పరుగుకు ముందు నొప్పి మాత్ర వద్దు

ఆగస్టు ఉక్కపోతలో జరిగే హైదరాబాద్ మారథాన్ వంటి పరుగులకు వెళ్లేవారిలో కొందరు, మోకాలు పట్టేస్తుందేమోనన్న భయంతో బయలుదేరే ముందే నొప్పి మాత్ర వేసుకుంటారు. ఆ అలవాటు మానుకోవడం మంచిది. చాలా దూరం పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలకూ చర్మానికీ మళ్లి, చెమటతో ఒంట్లో నీరు కూడా తగ్గుతుంది కాబట్టి, కిడ్నీలకు రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలే కాపాడుతుంటాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మందులు నొప్పిని తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం ద్వారానే; దాంతో కిడ్నీలకు ఆ కాపుదలా తగ్గుతుంది.

2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, 80 కిలోమీటర్ల పరుగులో నాలుగు గంటలకోసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ తీసుకున్నవారిలో 52 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న సూచనలు రక్తపరీక్షలో కనిపించాయి. పాల్గొన్నవారు వందలోపే అయినా, ఆ తేడా తేలిగ్గా తీసుకోదగినది కాదు.

స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ కూడా ఉంటుంది. బీపీకి టెల్మిసార్టన్ వంటివి వాడేవారు డాక్టరును అడగకుండా ఐబుప్రొఫెన్ వంటి ఈ మందులను వేసుకోకూడదు. పరుగు తరువాత మూత్రం కోలా రంగులో వచ్చినా, గంటల తరబడి రాకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.