చేపల రేవులోని మెథడిస్టు చర్చి చరిత్ర రాయాలంటే

ఇంగ్లండు తీరంలోని ఒక జాలరి ఊరి చర్చి గురించి రాయాలనుకుంటే ముందు పునాదిరాయి చదవండి. దాని మీద ‘వెస్లియన్’ అని ఉందా, ‘ప్రిమిటివ్ మెథడిస్టు’ అని ఉందా? మెథడిస్టులంటే ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక వర్గం, వాళ్లలోని ఆ శాఖలు కలిసింది 1932లో. అంతకుముందు చిన్న రేవులో కూడా రెండు మందిరాలు ఉండేవి, ఎవరి రిజిస్టర్లు వాళ్లవే. ఇది తేల్చుకోకపోతే పక్క వీధి చర్చి కథను మీ చర్చికి అంటగడతారు. ఉప్పుగాలికి అరిగిన అక్షరాలు కనపడకపోతే టార్చిలైటు పక్కనుంచి వేయండి.

తర్వాత కౌంటీ రికార్డు ఆఫీసు. కార్న్‌వాల్ అయితే రెడ్‌రూత్‌లోని క్రెసెన్ కెర్నో. అక్కడ ఊరి పేరుతో పాటు సర్క్యూట్ (ఒకే పాలన కింద ఉండే చుట్టుపక్కల మెథడిస్టు చర్చిల బృందం) పేరు కూడా చెప్పండి. చాలాచోట్ల బాప్తిస్మాలు సర్క్యూట్ పుస్తకంలోనే రాసేవారు. 1837కు ముందరివి చాలావరకు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి.

1851 మార్చి 30న ప్రభుత్వం జనగణనతో పాటు తీసిన చర్చి ఆరాధనల లెక్క మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఆ ఆదివారం ఏ పూట ఎంతమంది వచ్చారో, ఎన్ని సీట్లున్నాయో అందులో ఉంటుంది. చివర రిమార్కుల గడి కూడా చదవండి. జనం తక్కువ కనపడితే భక్తి సన్నగిల్లిందని రాసేయకండి. పడవలు అప్పుడు ఎక్కడున్నాయో ముందు కనుక్కోండి. నా దృష్టిలో ఈ పని మొత్తానికీ ఇదే ప్రాణం: చర్చి పుస్తకం పక్కన వేట సీజన్ల పట్టిక ఉండాలి. బాప్తిస్మాలను నెలలవారీగా లెక్కేసి దాంతో పోల్చి చూడండి.

స్థానిక పత్రికల్లో ఆదివారం వేట గొడవలు వెతకండి. 1896 మేలో కార్న్‌వాల్‌లోని న్యూలిన్ జాలర్లు, ఆదివారం కూడా వేటాడే తూర్పు తీరపు లోస్టాఫ్ట్ వాళ్ల పడవలెక్కి, పట్టిన మాకరెల్ చేపలన్నీ సముద్రంలో పారబోశారు. సైన్యం దిగాల్సి వచ్చింది. విశ్రాంతి దినం మీద మెథడిస్టుల పట్టుదల ఒక కారణం. ఆదివారం వేటాడినవాళ్లు సోమవారం బజారును దక్కించుకోవడం మరో కారణం. రెండూ రాయండి, ఒకటి వదిలేస్తే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే.

గోడ మీది ఫలకాల్లో మునిగిపోయినవాళ్ల పేర్లుంటే ఖననాల రిజిస్టరుతో సరిచూడండి. శవం దొరకనివాళ్లు అందులో ఉండరు, వాళ్లను పాత పత్రికల్లోనే వెతకాలి. చర్చి మూతపడబోతోందని తెలిస్తే మాత్రం ఇవన్నీ ఆపి, బీరువాలోని ట్రస్టీల మినిట్సు పుస్తకాలు రికార్డు ఆఫీసుకు చేరేలా ముందు సర్క్యూట్ వాళ్లతో మాట్లాడండి.